లాభం

చిత్రభాను ఏడు, రోహిణి ఎండల్లో
సింగరాయకొండ టేసన్లో రైలు దిగి
మా తిరపాలు చిన్నాయన నడిచొచ్చాడు.
రంగంలో బియ్యం మిల్లు, జీతం, రేకు పెట్టె
అన్నీ జపానోడి బాంబులకొదిలేసి
చేతిలో ఒక గొడుగు కర్ర, ఒక పిల్ల.

"ఎవరి బిడ్డరా?" అంది నాయనమ్మ.
"తెలీదమ్మా. కొండదోవలో వాళ్లమ్మ కూలబడింది.
ఈ పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుంది.
చిట్టగాంగు దాకా తను వదల్లేదు.
ఆ తర్వాత నేను వదల్లేదు."

పేరడిగితే నూకాలంది.
మన్నేటి గట్టున ఎవరికీ లేని పేరు.
సజ్జలూ వరిగలూ తినే కొంపలో
నూకలంటే పండగ గదా,
నేనూ చెల్లెలు చెంచీ పడీ పడీ నవ్వాం.
నాయనమ్మ నవ్వలేదు.
"భూమ్మీద నూకలుండబట్టే ఇంత దూరం వచ్చింది.
పిలకాయకి సంగటి పెట్టండి."

పెట్టారు. ముద్ద గొంతు దిగలేదు.
నీళ్లు తాగి, కళ్లనీళ్లు తుడుచుకుని
మళ్లీ చెయ్యి చాపింది.

ఆషాఢంలో చిన్నాయన
మద్రాసు హార్బరు పనికని పోయాడు.
గొడుగు కర్ర తీసుకుపోయాడు.
ఊళ్లోవాళ్లు మా నాయన్ని అరుగు మీద నిలేశారు,
"గింజ దొరకని కాలం, ఇంకో నోరా మాలకొండయ్యా?
అచ్చంగా నట్టం బేరం!"
నాయన జవాబు చెప్పే మనిషి కాదు,
మోకు పేనుకుంటా కూచున్నాడు.

నాకు అసలు కోపం కపిల బావి కాడ.
ఎద్దులు దిగుడు దారిలో దిగేటప్పుడు
మోకు మీద కూచుని పోయే చోటు నాది.
ఒకరోజు పోయేసరికి అక్కడ నూకాలు,
బానకొకటి లెక్క,
తిత్, నిత్, తౌం, లే, ఙా.
"ఏందా కూత?"
"అమ్మ మిల్లులో బస్తాలు ఇట్టాగే లెక్కెట్టేది."
పాలోడూ గౌరోడూ చెవులు నిక్కబొడుచుకుని విన్నాయి,
నా కేకకి ఏనాడైనా అట్టా విన్నాయా!

సజ్జ నూర్పులైనాయి.
కళ్లంలో రాశి ముందు మోకాళ్ల మీద కూచుని
నాయన కుంచం ముంచాడు.
లాభం... రెండు... మూడు...
"ఒకటేదీ?" అంది నూకాలు.
"ఒకటనగూడదు. మొదటి కుంచం లాభం."
"ఎందుకని?"
"ఎందుకనేంది? ముందొచ్చింది లాభమే అనుకోవాల."
అంతే. నాలుగో కుంచం ముంచాడు.

రాత్రుళ్లు కళ్లం కాపలా.
కిరసనాయిలు లేదు, లాంతరు లేదు.
చీకట్లో మా తలకాయలు తడిమి చూసుకుని
అప్పుడు వెల్లకిలా పడుకునేవాడు నాయన.
నేను లాభం. చెంచి రెండు. బుడ్డోడు మూడు.
నూకాలు అవతల, గోతం మీద,
కుక్క కంటే రవ్వంత ఇవతల.

ఒక రాత్రి మబ్బు పట్టి గాలి తిరిగింది.
రాశి మీద బోద కప్పి వచ్చి
నాయన అటునించి వంగాడు.
గోతం దగ్గర చెయ్యి ఆగింది.
"లాభం" అన్నాడు.
బుడ్డోడు రెండు. చెంచి మూడు.
నా నెత్తి మీద చెయ్యేసి, నాలుగు.

అటునించి వచ్చాడు కాబట్టేనేమో.
చీకట్లో ఎవరి తలో తెలీలేదేమో.
నేనడగలేదు, పోయేదాకా ఆయనా చెప్పలేదు.
నాకైతే ఏడుపొచ్చింది,
ఇంటికి పెద్దోణ్ణి, నన్ను నాలుగంటాడా!
గోతం మీద ఊపిరి వినపడలేదు.
కదిలితే మళ్లీ మొదట్నించి లెక్కెడతాడని
బిగబట్టుకుని పడుకుంది.

తెల్లారి మబ్బు లేదు, వాన లేదు.
బావి కాడ మోకు మీద ఇద్దరం ఇరుక్కున్నాం.
"ఒకటి" అన్నా. పాలోడు కదల్లేదు.
"లాభం" అన్నా. గౌరోడు తోక విసిరాడు.
నూకాలు నోరు మూసుకుని
ఎటో చూస్తా నవ్వు ఆపుకుంటా ఉంది.

ఇక తప్పక నేనే అన్నాను,
"తిత్."